పాలు వద్దనని మనిషి

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి రాయికోడ్ దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూస్తుంటారు కదా. ఆ విస్తరి చుట్టూ చోటు లేకుండా పాల చెంబులు. ఝరాసంగం వాళ్లు తెచ్చినవి, కోహీర్ వాళ్లు తెచ్చినవి, ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద ఆయన పంచాయితీ తెంపిన ఇండ్ల వాళ్లు తెచ్చినవి. "పెద్దాయనకు పాలంటె పానం," అన్నాడొకాయన. "ఎన్నడన్న వద్దన్నడా? నిండు గిలాస ఇస్తె నిండు గిలాస తాగెటోడు," అంది ఇంకో ముసలామె కళ్లు తుడుచుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయింది. చావింట్లో నోరు పారేసుకోవడం మర్యాద కాదని పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

ఆ మనిషికి పాలు పడవు. బుద్ధెరిగిన నాటి నుంచీ పడలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే: నేను, నేను పనిచేసే దవాఖాన డాక్టరు, ఆయన కడుపు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. అరవై అయిదేళ్లు కడుపుతో పంచాయితీ పెట్టుకుని, ఊరందరి పంచాయితీలూ తెంపుతూ తిరిగాడు.

ఆయన మా ఆయనకు మేనమామ. డెబ్బైల మొదట్లో నేను పెళ్లయి జహీరాబాద్ వచ్చినప్పుడు మొదట గుర్తుపెట్టుకున్న మనిషి ఆయనే. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, తెల్ల ధోతి మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, చేతిలో ఒక ఇత్తడి చెంబుతో వచ్చేవాడు. సంచి మరిచిపోయినా, చెప్పులు మరిచిపోయినా, చెంబు మరిచిపోయేవాడు కాదు. మా అత్తగారు దాన్ని చూపించి, "మా తమ్మునికి మడి ఎక్కువ, పరాయి ఇంట్ల చెంబు ముట్టడు," అని గర్వంగా చెప్పింది. నేను కొత్త కోడల్ని, నమ్మాను. నర్సు చదువు చదివినదాన్ని కాబట్టి నాలుగు రోజుల్లోనే అసలు సంగతి పట్టుకున్నాను. పాలు తాగిన గంటకు ఆ చెంబు పని మొదలయ్యేది.

పాలు తాగక తప్పదా అంటే, ఆయన పనే అది. మా ఇండ్లల్లో కల్లు ముట్టరు. మిగతావాళ్ల పంచాయితీలు కల్లు ముంత దగ్గర తెగితే మావి పాలగిన్నె దగ్గర తెగుతాయి. వాటాల గొడవ గానీ, ఒడ్డు తగాదా గానీ ఒక కొలిక్కి వచ్చిన రోజు, తీర్పు చెప్పిన పెద్దమనిషి ముందు ఒకరింట్లో పాలు తాగాలి, ఆ తర్వాత రెండోవాళ్ల ఇంట్లో తాగాలి. ఆయన తాగాక అదే గిన్నెలోంచి గొడవపడ్డ ఇద్దరూ తాగాలి. తాగితే మాట ఖాయం, కాగితం అక్కర్లేదు. పెద్దమనిషి ఏ ఇంట్లోనైనా గిలాస ముట్టకపోతే ఆ ఇంటి మీద ఆయనకు నమ్మకం లేదని లెక్క. అట్లాంటి ఊళ్లల్లో, అట్లాంటి పని, అట్లాంటి కడుపున్న మనిషికి దొరికింది.

ఆయన పాలు తాగే తీరు వేరు. గిలాసను రెండు చేతులా పట్టుకుని మూడుసార్లు ఊదేవాడు. ఒక్క గుక్కలో తాగేవాడు. మీసం మీది మీగడను మోచేత్తో తుడుచుకుని, ఖాళీ గిలాసను అరచేతిలో బోర్లించి అందరికీ చూపించేవాడు. ఒక్క చుక్క రాలేది కాదు. చూసేవాళ్లు "ఆహా" అనేవాళ్లు. నేను గోడ గడియారం చూసేదాన్ని. అరగంటకు ఆయన మాటల్లో వేగం పెరిగేది. ముప్పావు గంటకు కథల్లో నడిమి ముచ్చట్లు ఎగిరిపోయి చివరి ముచ్చట ముందుకొచ్చేది. గంట దాటితే వాక్యం సగంలో వదిలేసి, "ఇప్పుడే వస్త," అని చెంబు అందుకునేవాడు.

"మామా, మీకు పాలు పడ్తలేవు," అని ఎన్నిసార్లు చెప్పానో!

"పాలకేమైంది బిడ్డా? బస్సు కుదుపులకు గిట్లైంది," అనేవాడు. ఇంకోసారి కోహీర్ నీళ్లు. ఇంకోసారి గిలాసకు కళాయి లేదు. ఇంకోసారి ఆ బర్రె పత్తిచెక్క తిన్నది. ఒకసారి ఏ వంకా దొరక్క, పాలు పితికిన మనిషి కోపం మీద ఉన్నాడన్నాడు. ఈ భూమ్మీద అన్నిటినీ అనుమానించాడు గానీ పాలను పల్లెత్తు మాట అనలేదు. మా అమ్మ తరఫున కూడా ఇంత మొండిమనిషి లేడు, అక్కడ మొండివాళ్లకు కొదవ లేకపోయినా.

పైగా వాదన ఒకటి. పెరుగు, మజ్జిగ ఆయనకు చక్కగా పడేవి. "తల్లి పడనోనికి పిల్ల పడ్తదా? పాలు పడకుంటె మజ్జిగెట్ల పడ్తది? జర నువ్వే చెప్పు, చదువుకున్నదానివి," అని నన్నే నిలదీసేవాడు. ఒకసారి విసిగి విసిగి ఆయన్ను మా డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. డాక్టరు ఓపికమంతుడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు.

"పెద్దాయనా, పాలల్ల పుట్టుకతోనే ఒక తీరు చక్కెర ఉంటది. దాన్ని అరిగించే రసం మీ కడుపుల తక్కువున్నది. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతది. అందుకే మజ్జిగ పడ్తున్నది."

మామ రుమాలు సర్దుకున్నాడు. "మనమేస్తెనే పాలల్ల చక్కెర ఉంటది సారూ. బర్రె పొదుగుల ఎవరేసిన్రు?" అన్నాడు.

డాక్టరు ఇంకోసారి చెప్పాడు. మామ తల ఊపాడు. అర్థమైందనుకుని నేను లోలోపల సంబరపడ్డాను. మరుసటి వారం మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుంటూనే, "బిడ్డా, నా పాలల్ల చక్కెర ఎయ్యకు. సారు వద్దన్నడు. బెల్లమెయ్యి," అన్నాడు. ఈ సంగతి చెబితే డాక్టరు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు. ఆ సాయంత్రం మా పెరడు కడిగింది నేను.

ఎనభైలు సగం దాటాక, డాక్టరు స్నేహితుడొకాయన పరదేశం నుంచి బొంబాయిలో దిగి, మందుల సీసా ఒకటి పంపించాడు. ఆ కడుపులో లేని రసాన్నే గోలీ చేశారట. పాలు తాగేటప్పుడే ఒక గోలీ వేసుకుంటే అది పోయి పాలల్లోని చక్కెరను విరగ్గొడుతుంది. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సీసాలోంచి నాలుగు గోలీలు నా డబ్బాలో దాచి, మిగతాది మామ చేతిలో పెట్టాను. "పాలు తాగేటప్పుడు. పాలతోనే. ముందు కాదు, తర్వాత కాదు," అని మూడుసార్లు చెప్పి, ఆయనతో మూడుసార్లు చెప్పించాను.

నెల తిరిగేసరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "బిడ్డా, దివ్యమైన మందు! ఏసుకున్ననాడు కడుపు కదిలితె ఒట్టు. అయితె మరునాటికి దాని గుణం ఉంటలేదు."

నాకేదో కీడు తోచింది. "ఎట్ల ఏసుకుంటున్నరు మామా?"

"పొద్దుగాల్నే, పరిగడుపున, తూర్పు దిక్కు మొకం పెట్టి, మంచినీళ్లతోని."

"పాలు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మందేసుకున్ననాడు పాలు ముడ్తనా బిడ్డా? పథ్యం ఉండొద్దా? పాలు, చింతపండు, వంకాయ, మూడు బంద్. మరునాడు తాగుత."

పాలు తాగడం కోసం ఇచ్చిన మందు వేసుకుని, మందు వేసుకున్నానని పాలు మానేసి, పాలు మానేయడం వల్ల కడుపు బాగుంటే మందును మెచ్చుకుని, మర్నాడు మందు లేకుండా పాలు తాగి, మందును తిట్టుకుంటున్నాడు! ఆ సీసా అయిపోయేదాకా అదే వరస. పథ్యం లేని మందు మందే కాదని మా ముత్తాతల కాలం నుంచీ నూరిపోసిన మాట, ఒక నర్సు చెబితే పోతుందా? చెప్పాను. అరిచాను కూడా. మా ఆయన అడ్డం వచ్చి, "పెద్దమనిషి మీద గట్ల ఎగురుడేంది?" అన్నాడు. మామ మాత్రం నొచ్చుకోలేదు. "కోడలు మంచికే చెప్తది. జర నోరు పెద్దది, అంతే," అన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఆయనకు ఒక అన్న. కోహీర్ పక్క ఊళ్లో ఉంటాడు. ఇద్దరికీ పొలం పంచి ఇచ్చినా బావి ఒకటే, మోటారు ఒకటే. వంతులేసుకుని పారించుకోవాలి. ఒడ్డు మీది తుమ్మచెట్టు ఎవరు కొట్టారన్న దగ్గర మాట పట్టింపు మొదలై, మూడేళ్లు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ఆ ఎండాకాలం బావగారు మోటారు కొట్టానికి తాళం వేశాడు. మా వాటాలో అల్లం పెట్టి నెల కూడా కాలేదు. మొలకలు వేలెడు లేచాయి. పిల్ల చదువూ, ఇంటి మరమ్మతూ అన్నీ ఆ అల్లం మీదే పెట్టుకున్నాం. వానలు పడేదాకా నీళ్లు లేకపోతే భూమిలోనే ఎండిపోతుంది. "పోయి మీ అన్నను అడుగు," అంటే మా ఆయన, "పోతె పోనియ్యి, నేనడగ," అన్నాడు. అల్లానికి లేని పౌరుషం ఈ మగవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

కబురు పెట్టకుండానే మామ దిగాడు. మండే ఎండలో కోహీర్‌కూ జహీరాబాద్‌కూ మధ్య బస్సుల్లో తిరిగాడు. అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట. ఇద్దరి దగ్గరా తిట్లు తిన్నాడు. చివరికి వంతు ఖాయమైంది: ఒక రోజు అన్నకు, ఒక రోజు తమ్ముడికి. పొద్దున బావగారింట్లో పాలు తాగి, ఆయన్ను వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చేట్టు మాట.

ముందురోజు నేను దాచుకున్న నాలుగు గోలీల్లో రెండు కాగితంలో చుట్టి మామకు ఇచ్చాను. అప్పటికి ఆయన బాగా చిక్కిపోయాడు. "మామా, మీ కాళ్లు మొక్కుత. ఈ ఒక్కసారి పథ్యం వద్దు. గిలాస ఎత్తేటప్పుడే నోట్ల ఏసుకోండి. ఈ ఎండల మోషన్లైతె మనిషి దక్కడు," అన్నాను. "సరే," అన్నాడు. అంత తొందరగా ఎన్నడూ సరే అనలేదు కాబట్టి నేను అప్పుడే అనుమానించాల్సింది.

మధ్యాహ్నం వాళ్లు బస్సు దిగి వచ్చారు. బావగారు వాకిట్లో ఆగి, మూడేళ్ల తర్వాత మా గడప తొక్కాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఆయన వెనక మామ. మొహం బూడిద రంగు. రుమాలు చెమటతో తడిసి నుదుటికి అంటుకుపోయింది. చూడగానే తెలిసిపోయింది. నేను మంచినీళ్ల నెపంతో ఆయన్ను పెరట్లోకి పిలిచాను.

"ఏసుకున్నరా?"

ఆయన నడుము దగ్గర ధోతి ముడి విప్పి కాగితం తీశాడు. రెండు గోలీలూ అందులోనే, చెమటకు తడిసి మెత్తబడి ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. "ఇన్నిసార్లు చెప్పినా సమజ్ కాదా మామా మీకు?"

"అయింది బిడ్డా," అన్నాడు గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని. "నువ్వు నిన్న చెప్పినప్పుడే అయింది. కానీ నలుగురి ముంగట, నోట్ల మందేసుకొని వాళ్లింటి పాలు తాగితె, వాళ్లేమనుకుంటరు? ఈయనకు మా పాల మీద నమ్మకం లేదు, విరుగుడు ఏసుకొని తాగుతున్నడు అనుకోరా? ఇంక నేను తాగి ఏం ఫాయిద?"

జవాబు లేనప్పుడు నాకు కోపం ఎక్కువవుతుంది. ఆయన్ను లోపలికి పంపి, వంటింట్లో పాలగిన్నె దించి, ఆయన గిలాసలో పోసి చల్లార్చాను. డబ్బాలో మిగిలిన రెండు గోలీలూ గరిటె వెనకవైపుతో నలిపి అందులో వేసి కలిపాను. ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు, కడుపు మాత్రం బతికిపోతుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకుని గిలాస తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

మామ రెండు చేతులా పట్టుకుని ఊదబోయాడు. పక్కనే కూర్చున్న బావగారు గిలాసలోకి చూశాడు. పాల మీద తెల్లటి పలుకులు తేలుతున్నాయి.

"అందుల ఏందది?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. బావగారు లేవడానికి మోకాళ్ల మీద చేతులు పెట్టాడు. నాకు అప్పుడు వెలిగింది నేనేం చేశానో. శత్రువుల ఇంట్లో, మధ్యవర్తి తాగే పాలల్లో, వంటింట్లో తలుపు వేసుకుని ఏదో కలిపాను. మందు అంటే ఏం మందు అంటారు. పాలు పడని మనిషికి వేశానంటే, ఆయన అరవై ఏళ్ల మర్యాద నలుగురిలో పోతుంది. ఆయన పాలు తాగి ఖాయం చేసిన మాటలన్నీ నవ్వులపాలవుతాయి.

మామ గిలాసలోకి వంగి చూశాడు. ఒక్కసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో తిట్టు కూడా ఉంది.

"చక్కెర," అన్నాడు. "కరగలె. నా కోడలు దవాఖాన మనిషి, సూదులిచ్చుడు వస్తది గానీ పాలు కలుపుడు రాదు."

ఒక్క గుక్కలో తాగి, గిలాస అరచేతిలో బోర్లించాడు. బావగారు మళ్లీ చాప మీద సర్దుకున్నాడు. గిన్నెలోంచి ఆయన తాగాడు, మా ఆయన తాగాడు. బావగారు జేబులోంచి తాళంచెవి తీసి మామ ముందు పెడితే, మామ దాన్ని మా ఆయన ముందుకు జరిపాడు. ఇంత జరిగినా అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాలు తాగారు, అంతే. ఎటో చూస్తూ తాగారు.

నేను పోసిన పాలు ఏమైనా చేశాయో లేదో గానీ, కోహీర్‌లో తాగిన పాలు ఊరుకోలేదు. పెరట్లోకి వెళ్లిన మామ గోడ పట్టుకుని అక్కడే జారిపోయాడు. నేను కేక వేస్తే ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. చెరో చెయ్యీ పట్టి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నేను ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు చెంచాతో పోస్తున్నాను. పోసినవి పోసినట్టే పోతున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. డాక్టరుకు కబురు పంపాను. సెలైను వచ్చేలోగా ఆయన మళ్లీ లేస్తానన్నాడు. మంచంలోనే కానివ్వమంటే చేతులు జోడించాడు. మళ్లీ ఇద్దరూ లేపారు. అన్న కుడిపక్క, తమ్ముడు ఎడమపక్క, మధ్యలో పక్షి ఈకంత బరువున్న మేనమామ. వెళ్లడం, రావడం. ఎవరి నోటా మాట లేదు. బావగారి గంజి పెట్టిన చొక్కా పాడైపోయింది, విప్పి మూలకు విసిరేశాడు.

మూడోసారో నాలుగోసారో, నేను వంటింట్లో నీళ్లు కలుపుతున్నాను. బావగారు వెనక్కి నడుస్తూ మామను పెరటి గుమ్మంలోంచి లోపలికి తెస్తున్నాడు. మా పెరటి గడప ఎత్తు. తెలియనివాళ్లు తన్నుకుని పడతారు.

"అన్నా, గడప," అన్నాడు మా ఆయన.

బావగారు ఆగాడు. కాలు ఎత్తి గడప దాటాడు. కాసేపటికి, "చిన్నోడా, నువ్వు నడుం కింద చెయ్యి పెట్టు," అన్నాడు.

వాళ్లిద్దరి మధ్య వేలాడుతూ, కళ్లు మూసుకునే, మామ గొణిగాడు: "రేపటి నీళ్ల వంతు చిన్నోనిది. యాద్ పెట్టుకోన్రి."

నేను గిన్నె అక్కడే పెట్టేసి, పొయ్యి దగ్గర కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాను. భయానికి కొంత. ఆ ముసలాయన మీద మంటకు చాలా.

సెలైను ఎక్కింది, మూడు రోజులకు లేచి కూర్చున్నాడు. అల్లం బతికింది. ఆయన ఆ తర్వాత ఏడాదిన్నర బతికి, నిద్రలో నిమ్మళంగా పోయాడు. అన్నదమ్ములిద్దరూ పాడె మోశారు, ఒకే పక్కన. పిట్టకు పెట్టిన రోజు ఆ పాల చెంబుల ముందు నిలబడి పళ్లు బిగబట్టుకున్నది కూడా ఆయన్ను తిట్టాలనే. లేచి వచ్చి ఒక్కసారి వింటే చాలు, గంటసేపు తిట్టేదాన్ని. కోపం ఉన్నచోటే ఉంది, పడాల్సిన మనిషే లేడు.